మా ఇంటి బోరింగు, ఉడకని కందిపప్పు

నేను కోడలిగా జహీరాబాద్‌లో అడుగుపెట్టిన వారంలోనే మా అత్తగారి పెరట్లోకి బోరింగు కూడా వచ్చింది. పెళ్లికి వచ్చే చుట్టాలకు నీళ్లు చాలవని ఆమె ముందుచూపుతో వేయించింది. మా ఇద్దరిలో బోరింగుకే ఎక్కువ మర్యాద జరిగిందని నాకు గట్టి అనుమానం. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పిడికి బంతిపూల దండ చుట్టి, ముందర కొబ్బరికాయ కొట్టారు. నాకు కూడా ఇంచుమించు అవే చేశారు, కొబ్బరికాయ తప్ప. చూడవచ్చిన అమ్మలక్కలు నన్ను గడ్డం పట్టుకుని ఓసారి చూసి, పెరట్లోకి వెళ్లి బోరింగును మాత్రం తనివితీరా కొట్టి చూసి వెళ్లారు.

అవి డెబ్బైల చివరి రోజులు. మా వీధిలో అదే మొదటి బోరింగు. అప్పటిదాకా వీధివీధంతా పక్కింటి ఖాలా బావి నీళ్లే తాగేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. ఆమెకు అక్కాచెల్లెళ్లు లేరు కాబట్టి నిజానికి ఎవరికీ పిన్నమ్మ కాదు, అయినా అందరికీ ఖాలాయే. బోరింగులో మొదటి బిందె నిండగానే మా అత్తగారు నడుము మీద చెయ్యి వేసుకుని గోడ మీదుగా ప్రకటన చేసింది.

"ఇగ నీ బాయి గిలకతోటి నాకు పనిలేదు చెల్లె."

"మంచిదే అక్కా. నా గిలక జర దమ్ము తీసుకుంటది," అంది ఖాలా అవతలి నుంచి.

ఆ మాట అత్తగారికి నచ్చలేదు. అసూయపడుతుందని ఆశపడితే ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు నుంచి మా ఇంటి బిందె ఒక్కటి కూడా ఆ బావి గట్టు ఎక్కకూడదని ఇంట్లో చట్టమైంది. మామగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో చట్టాలు చేసేదీ, అమలు చేసేదీ ఆమె ఒక్కతే.

నేను కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, ఆపైన బీఈడీ కూడా చేసి, ఆ ఊరి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మా ఆయనది తహశీల్ ఆఫీసులో గుమాస్తాగిరీ. ఏ సంగతినీ ఇటో అటో తేల్చకుండా ఏళ్లపాటు నడిపించగల నేర్పు ఆయనది. ఆ నేర్పు ఆఫీసులోనే వదిలేసి వస్తే బాగుండేది, కానీ రోజూ ఇంటికి కూడా తెచ్చేవాడు.

పొద్దున వంట అత్తగారిది, బడి నుంచి వచ్చాక రాత్రి వంట నాది. మొదటి సాయంత్రమే కందిపప్పు నా మీద సమ్మె కట్టింది. పొయ్యిలో కట్టెలు అయిపోతున్నాయి, గిన్నెలో నీళ్లు అయిపోతున్నాయి, పప్పు మాత్రం కొన్న నాటి పౌరుషంతో అలాగే ఉంది. గరిటెతో నొక్కితే పక్కకు తప్పుకుంటుంది. చివరికి విసుగొచ్చి అలాగే వడ్డించాను. మా ఆయన రెండు ముద్దలు నమిలి, ఏదో ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి నీళ్లు తాగాడు. అత్తగారు కంచంలోంచి ఒక బద్ద తీసి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెట్టింది.

రెండో రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. నెల తిరిగేసరికి తీర్పు వచ్చేసింది.

"దీని చేతిల బర్కత్ లేదు."

బర్కత్ అంటే మా వైపు చేతి చలవ. బర్కత్ ఉన్న చెయ్యి వేస్తే కొలత తక్కువైనా అన్నం అందరికీ సరిపోతుంది, పాలు విరగవు, పచ్చడి బూజు పట్టదు. లేని చెయ్యి వేస్తే పప్పు ఉడకదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. చేతిని మార్చుకుని రాలేం కదా.

"బడి బంద్ జెయ్యి," అంది అత్తగారు ఒక రాత్రి కంచాలు తీస్తూ. "పొద్దంత సుద్దముక్క పట్టుకున్న చెయ్యికి పొయ్యి ఎట్ల లొంగుతది? వచ్చే ఆయితారం మా పెద్దబిడ్డ వస్తది. దాని ముంగటనే తేలుస్త. ఇంట్లుండి వంట నేర్చుకో."

నేను మా ఆయన వైపు చూశాను.

"అమ్మ జెప్పేది అమ్మ జెప్తది, నువ్వు జెప్పేది నువ్వు జెప్తవు. నడుమ నేనేం జెప్త?" అని ఆయన పక్క దులుపుకోవడానికి లేచాడు.

అసలు సంగతి నాకు తెలుసు. కనీసం తెలుసనుకున్నాను. జహీరాబాద్ నేలకు పైన ఎర్రరాయి, కింద నల్లరాయి. ఖాలా బావి పైనున్న ఎర్రరాతిలోనే ఆగిపోయింది. వాన నీళ్లు పెద్దగా ఏమీ కలుపుకోకుండా దాంట్లోకి దిగుతాయి. మా బోరింగు గొట్టం ఆ ఎర్రరాయిని దాటి నల్లరాతి లోపలికి పోయింది. అక్కడ ఏళ్లకేళ్లు రాతి సందుల్లో కూర్చున్న నీళ్లు ఆ రాతిలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుని కడుపు నింపుకుంటాయి. చూడటానికి అద్దంలా ఉంటాయి. తాగితే కాస్త రుచిగా కూడా ఉంటాయి. పాఠ్యపుస్తకం వాటిని కఠిన జలం అంటుంది.

కందిబద్ద లోపల కంటికి కనిపించని గదులు వేలకొద్దీ ఉంటాయి. ఆ గదుల గోడలను కలిపి పట్టి ఉంచే జిగురు పేరు పెక్టిన్. మామూలు నీళ్లలో మరిగితే ఆ జిగురు కరిగిపోతుంది, గదులు విడిపోతాయి, మనం పప్పు మెత్తగా ఉడికింది అంటాం. కాల్షియం ఉన్న నీళ్లలో వేస్తే అది పోయి ఆ జిగురును పట్టుకుని ఇంకా బిగిస్తుంది. మట్టి గోడకు సిమెంటు పూసినట్టే. కట్టెలు ఎన్ని తగలేసినా ఆ గోడ కూలదు.

నా మాటకు ఇంకో సాక్షి కూడా ఉంది, సబ్బు. బోరింగు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో సబ్బు నురగ రావడం మానేసింది. నీళ్లలో కలిసిన సబ్బు అతి చిన్న ఉండలుగా కూడుతుంది. ఒక వెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతుంటుందో ఆ ఉండ ఇంచుమించు అంతుంటుంది. జిడ్డును కడుపులో పెట్టుకుని నీళ్లతో పాటు వెళ్లిపోవడం దాని ఉద్యోగం. ఈ రోజుల్లో అంత చిన్న వాటికి నానో అని పేరు పెట్టి, డబ్బా మీద మెరిసే అక్షరాలతో రాసి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. చాకిరేవులో బండకేసి బాదే రోజుల నుంచీ ఆ పని నడుస్తూనే ఉంది, పేరు పెట్టే తీరికే ఎవరికీ లేకపోయింది. కఠిన జలంలో కాల్షియం ఆ ఉండలను కూడనివ్వదు. సబ్బును పట్టుకుని తెల్లటి తెట్టుగా మార్చేస్తుంది. మా ఆయన తెల్లచొక్కాలన్నీ మబ్బు పట్టినట్టు బూడిద రంగులోకి తిరిగాయి. అవి కూడా నా చేతి మీదే పడ్డాయి.

ఇదంతా అత్తగారికి చెప్పాను. బడిలో చెప్పినట్టే ఓపికగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

"అత్తమ్మా, తప్పు బోరింగు నీళ్లది. అవి కఠినమైన నీళ్లు. అంటే గట్టి నీళ్లు."

"గట్టి నీళ్లేందే? కొరుక్కొని తాగుతున్నమా?"

ఇంకా చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "నాకో మాట జెప్పు. పొద్దున నేను గదే నీళ్లు పోస్త, గదే పప్పు పోస్త. నాకెట్ల ఉడుకుతది?"

నిజంగానే ఆమె పప్పు ఉడికేది. నేను బడికి జొన్నరొట్టె, పచ్చడి పట్టుకుని పొద్దున్నే పోయేదాన్ని కాబట్టి ఆ పప్పును ఎప్పుడూ చూడలేదు గానీ, మధ్యాహ్నం ఇంటికి వచ్చి తినే మా ఆయన మాత్రం వెన్నలా ఉందని సాక్ష్యం చెప్పేవాడు. ఏ సంగతీ తేల్చని మనిషి ఇదొక్కటి తేల్చి చెప్పాడు. అదే బోరింగు, అదే డబ్బాలోని పప్పు, అదే పొయ్యి. మారింది చెయ్యి ఒక్కటే. ప్రయోగంలో ఒక్కటి మాత్రమే మార్చి చూడాలని పిల్లలకు నేను నేర్పే పాఠాన్నే ఈవిడ నాకు ఎదురు తిప్పింది.

అయినా ఊరుకోలేదు. నీళ్లను ముందు బాగా మరిగిస్తే ఆ కాల్షియంలో కొంత తెల్లటి పొడిగా అడుగున దిగుతుంది. పైపైన ఉన్న నీళ్లు వంపుకుని వాటిలో పప్పు వండాను. కొంత మెత్తబడింది కూడా. కానీ ఆ సంబరం ఒక్క పూటే. మర్నాటికి వీధంతా తెలిసిపోయింది.

"మా కోడలు ముందుగాల నీళ్లు వండుతది. అయి ఉడికినంక గా నీళ్లల్ల పప్పు వండుతది. నీళ్లు ఉడికినయా లేవా అని పట్టి సూడనీకి ఇంగ నన్ను పిలుస్తలేదు," అని అత్తగారు అరుగు మీద కూర్చుని చెబుతుంటే, నాకే నవ్వొచ్చింది. కట్టెలు కూడా రెండింతలు అయిపోయాయి. ఆ దారి అలా మూసుకుపోయింది.

ఇక మిగిలింది ఖాలా బావి. ఆ నీళ్లు ఒక్క చెంబెడు తెస్తే మొత్తం వ్యవహారం తేలిపోతుంది. నేను ఆ మాట ఎత్తగానే అత్తగారి ముఖం మాడిపోయింది.

"ఇంట్ల బోరింగు వెట్టుకొని పక్కింటికి బిందె పట్టుకొని పోతవా? గా గిలక జూసి నవ్వుతది."

గిలక నవ్వదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఖాలాకు మాత్రం గోడ దగ్గర నా గోడు చెప్పుకున్నాను. ఆమె తమలపాకు మడుస్తూ అంతా విన్నది. "తోడుకపో బేటీ, బాయి నీదే. గానీ మీ అత్తమ్మ సామాన్యురాలు గాదు. చోరీ నీళ్లని ముద్ర గొడ్తది," అంది. ఆవిడ చెప్పింది నిజమే. దొంగతనంగా తెచ్చి వండితే పప్పు ఉడుకుతుంది గానీ నా మాట ఎవరూ నమ్మరు.

నిజం చెప్పాలంటే పప్పు ఉడికినా ఉడకకపోయినా నాకు ఒక్కటే. నా భయమంతా బడి గురించి. మా బడిలో ల్యాబ్ అంటే ఒక బీరువా, దాని తాళం చెవి పోయింది. లిట్మస్ కాగితాలు లేవు. అందుకని అద్దుడు కాగితాలకు పసుపు నీళ్లు పట్టించి ఆరబెట్టి తెచ్చేదాన్ని. సబ్బు నీళ్ల చుక్క పడగానే ఆ పసుపు ఎర్రగా మారుతుంది. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుగా మారుతుంది. క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం తగిలితే పసుపు. మొదటిసారి అది చూసినప్పుడు న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే ఒక పిల్ల, "టీచర్, మా ఇంట్ల దిష్టి తీసే ఎర్రనీళ్లు గిట్లనే జేస్తరు, పసుపుల సున్నమేసి," అంది. క్లాసంతా ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ పిల్లను చూసింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం కోసమే నేను బడికి వెళ్లేదాన్ని. ఒక గుప్పెడు పప్పు వల్ల అదంతా పోయేటట్టుంది.

ఆదివారం రానే వచ్చింది. ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి మా పెద్ద ఆడబిడ్డ పొద్దున బస్సుకే దిగింది. అత్తగారు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. జొన్నరొట్టెలు, వంకాయ కూర, నెయ్యి వేసిన ముద్దపప్పు అన్నీ తనే చేసింది. అందరం వరసగా కూర్చున్నాం. ఆమె వడ్డించింది.

పప్పు మెత్తగా, మా ఆయన చెప్పినట్టే వెన్నలా ఉంది. నేను ఒక వేలితో రుచి చూశాను. నాలుక మీద సన్నగా సబ్బు లాంటి రుచి తగిలింది. అప్పుడు కంచంలోకి సరిగ్గా చూశాను. కందిపప్పులో పసుపు వేస్తే రావలసిన రంగు కాదది. కాస్త ఎర్రబారి, ఇటుక పొడి కలిపినట్టు ఉంది. నేను బడిలో రోజూ పిల్లలకు చూపించే రంగే అది.

"సూసినవా?" అంది అత్తగారు కూతురితో. "గివే నీళ్లు, గిదే పప్పు. చెయ్యిల ఉండాలె. అందుకే సోమవారం నుంచి బడికి పోవద్దంటున్న."

"అమ్మ మాట ఇనుమ్మా," అంది ఆడబిడ్డ రొట్టె తుంచుతూ. "ఉద్యోగాలు యాడికి పోతయి. ముందుగాల సంసారం సూసుకోవాలె గద."

మా ఆయన కంచంలో ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు తల వంచుకున్నాడు.

నేను చేతికి అందుతున్న నిమ్మచెక్క తీసుకుని నా కంచంలో పప్పు మీద పిండాను. పప్పు మీద సన్నగా బుడగలు లేచాయి, చిన్నగా బుస్సుమన్న చప్పుడు వచ్చింది. నిమ్మరసం పడిన మేర ఆ ఎరుపు విరిగి చక్కటి పసుపు రంగు వచ్చింది. తల ఎత్తి అత్తగారి వైపు చూశాను.

ఆమె కెమిస్ట్రీ చదవలేదు. కానీ కడుపు ఉబ్బరం చేసినప్పుడల్లా తినే సోడాలో నిమ్మకాయ పిండుకుని తాగే మనిషే. ఆ పొంగు దేనిదో ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు. నెయ్యి గిన్నె పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. సోడా క్షారం. పెక్టిన్ జిగురును అది మొండిగా కరిగించి పారేస్తుంది, ఎంత గట్టి నీళ్లైనా లెక్క చేయదు. పోతూ పోతూ పసుపును ఎర్రగా మార్చి తన గుర్తు వదిలిపోతుంది.

అప్పుడే చెప్పేయాలని నాలుక దురదపెట్టింది. ఆడబిడ్డ ఉంది, మొగుడు ఉన్నాడు, సాక్ష్యం కంచంలోనే ఉంది. కానీ అత్తగారి కళ్లలో నేను ఇంతకుముందు చూడనిది కనిపించింది. ఆమె భయపడుతోంది. నన్ను చూసి ఆమె భయపడటం నాకు ఏమాత్రం బాగనిపించలేదు.

"పప్పు మంచిగుంది అత్తమ్మా," అన్నాను. "జర పులుపు తక్కువైందని పిండుకున్న."

తీర్పు సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. భోజనాలయ్యాక ఆడబిడ్డ పడుకుంది, మా ఆయన బజారుకు తప్పుకున్నాడు. నేను గిన్నెలు పట్టుకుని బోరింగు దగ్గరికి వెళ్తే అత్తగారు వెనకే వచ్చి గట్టు మీద కూర్చుంది. నడుముకు చెక్కుకున్న వక్కల సంచీ విప్పి, అందులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టింది. అందులో సోడా ఉంది.

"గిది పప్పుల ఎన్ని రోజులసంది ఏస్తున్నవ్?" అని అడిగాను.

"నీ లగ్గమైన కాడికెల్లి." ఆమె బోరింగు పిడి మీద వాడిపోయిన బంతిరెక్కలను గిల్లుతూ కూర్చుంది. "నువ్వొచ్చిన వారానికే నా పప్పు ఉడుకుడు బందైంది. ముప్పయ్యేండ్లు ఉడికింది. మీ మామ బతికున్నన్ని దినాలు నా చేతి పప్పుకే పేరు. కోడలు రాంగనె నా చేతి బర్కత్ పోయిందనుకున్న. ముసల్దాన్నైన, ఇగ నా పని అయిపోయిందనుకున్న."

"మరి నన్నెందుకు బడి మానుమన్నవ్?"

"నువ్వు ఇంట్లుంటే పొయ్యి నీకే అప్పజెప్పొచ్చు గద. నా చెయ్యి సంగతి ఎవలకు ఎర్క గాకుండ ఉంటది."

నాకు ఒళ్లు మండింది. ఈమె చేతి పరువు దాచడానికి నా చదువంతా పొయ్యిలో పెట్టాలా అనిపించింది. గిన్నె నేలకేసి కొట్టాను కూడా. కానీ ఆమె ఆ చప్పుడు పట్టించుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నిజంగ గా నీళ్లదేనా పిల్లా?" అంది. "చెయ్యిది గాదా?"

బీఎస్సీలో వైవాకు కూర్చున్నప్పుడు కూడా నన్ను ఎవరూ అంత ఆశగా అడగలేదు.

"చెయ్యిది గాదు అత్తమ్మా. నీ చెయ్యిది గాదు, నా చెయ్యిది గాదు."

సోమవారం పొద్దున నేను జడ వేసుకుంటుండగా పెరటి తలుపు చప్పుడైంది. తొంగి చూస్తే అత్తగారు ఇత్తడి బిందె చంకన పెట్టుకుని ఖాలా బావి గట్టెక్కుతోంది. వీధికంతా వినపడేటట్టు ఆమె గొంతు వచ్చింది.

"ఏం జేస్తం చెల్లె. మా కోడలు సైన్సు టీచరాయె. బోరింగు నీళ్ల పప్పు దానికి అరగదట. దాని నఖరాలు పడలేక సస్తున్న."

"రా అక్కా, తోడుకో," అంది ఖాలా. ఇంకేమీ అనలేదు. ఆవిడ పెద్దమనసు నాకు అప్పుడే తెలిసింది.

ఆ నింద నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మోశాను. బోరింగు నీళ్లు పడని టీచరమ్మ అంటే మా వీధి నుంచి చిరాగ్‌పల్లి దాకా అందరికీ తెలుసు. బస్సులో సీటు కూడా దొరికేది.

ఆ రోజు నేను చెప్పులేసుకునేసరికి పొయ్యి మీద పప్పు కుతకుతమంటోంది. అత్తగారు గరిటెతో ఒక బద్ద తీసింది. ఊది, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. అది వెన్నలా నలిగిపోయింది. వక్కల సంచీ ఆమె పక్కన మూతి బిగించింది బిగించినట్టే ఉంది. ఆమె ఆ వేళ్లను చాలాసేపు చూసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, పొగను ఏదో తిట్టింది.

"నా చెయ్యి మంచిగనే ఉన్నదే," అంది మెల్లగా.

తర్వాత తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి కసిరింది. "ఏం సూస్తున్నవ్? బడికి టైమైతలేదా నీకు?"